అల్లికకు లెక్క, లెక్కకు బిల్లు

మొగల్తూరు, నరసాపురం పరిసర గ్రామాల్లో లేసు అల్లిక తరతరాలుగా స్త్రీల చేతివిద్య. పంతొమ్మిదవ శతాబ్దంలో స్కాట్లాండు నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని క్రమంగా విదేశీ ఎగుమతిగా ఎదిగింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంటు దానిని ఇంటింటికీ పంచుతాడు, అల్లిన సరుకు అదే దారిన తిరిగి వెళుతుంది. కూలి ఎంత, ఎప్పుడు అన్నది మాత్రం తరచుగా నోటిమాట మీదే నడుస్తుంది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి స్త్రీలను పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. రోజుకు ఎన్నో గంటలు అల్లుతున్నా వారిని శ్రామికులుగా కాక, తీరికవేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే లోకం లెక్కించిందని, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ భావనే ఆధారమైందని ఆమె నిరూపించారు. బిల్లు రాయడమంటే ఈ భావనను తిరస్కరించడమే. పని పేరు, పరిమాణం, ధర కాగితం మీదికి ఎక్కిన తర్వాత దానిని కాలక్షేపమని ఎవరూ అనలేరు.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన వాక్యం, బఖర సూరాలోని 282వది, అప్పును గడువుతో సహా రాసుకోవడం గురించే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదని అందులో ఆదేశముంది. చేతికి చేయి మారే నగదు బేరానికి అక్కడే సడలింపు కూడా ఉంది. కానీ సరుకు నేడు అప్పగించి డబ్బు వచ్చే నెలలో తీసుకోవడం నగదు బేరం కాదు, అప్పే. చెల్లించవలసినవాడే చెప్పి రాయించాలన్న నియమం మరీ గమనించదగ్గది. బిల్లు మనం రాసినా, కొన్నవారి అంగీకారం దానికి తోడు కావాలని దీని నుంచి గ్రహించవచ్చు.

ఇందుకు కంప్యూటరు, ప్రత్యేక సాఫ్ట్‌వేరు అవసరం లేదు. ఫోనులో ఉచితంగా లభించే గూగుల్ డాక్స్ చాలు. కొత్త పత్రం తెరిచి, పైన మీ పేరు, ఊరు, ఫోను నంబరు రాయండి. దాని కింద బిల్లు సంఖ్య, తేదీ, కొనుగోలుదారు పేరు, చిరునామా ఉండాలి. ఆ తర్వాత కూడిక గుర్తును తాకి పట్టికను ఎంచుకొని వస్తువు, సంఖ్య, ఒక్కొక్కదాని ధర, మొత్తం అనే నాలుగు నిలువు వరుసలు పెట్టండి. ఉదాహరణకు పన్నెండు టేబుల్ మ్యాట్లు, ఒక్కొక్కటి 150 రూపాయలు, మొత్తం 1,800. ముందుగా 500 అందితే ఆ సంగతి, మిగిలిన 1,300 అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. డాక్స్ తనంతట తాను కూడిక చేయదు. క్యాలిక్యులేటరుతో రెండుసార్లు సరిచూడండి. దారం వ్యాపారిదైతే 'అల్లిక కూలి' అని, మీదే అయితే వస్తువు ధర అని స్పష్టం చేయండి. జీఎస్టీ నమోదు లేనివారు ఆ పన్నును బిల్లులో చేర్చి వసూలు చేయరాదు.

ఈ పత్రానికి 'బిల్లు మాదిరి' అని పేరు పెట్టి భద్రపరచి, ప్రతిసారీ దాని నకలు తీసి నింపండి. పంపేటప్పుడు మాత్రం లింకు ఇవ్వవద్దు. మార్చే అనుమతి పొరపాటున వెళితే అంకెలు ఎవరి చేతిలోనైనా మారవచ్చు. పీడీఎఫ్‌గా మార్చి వాట్సాప్‌లో పంపి, 'సరుకు, బిల్లు అందాయి' అనే జవాబు రాబట్టండి. ఆ ఒక్క వాక్యం, దాని తేదీ బిల్లుకు సాక్ష్యంగా నిలుస్తాయి.

తేదీకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం దానిమీదే నడుస్తుంది. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. నమోదైన చిన్న ఉత్పత్తిదారుకు కొన్నవారు ఒప్పందంలోని గడువుకు చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించరాదు. రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజులే. సరుకులో లోపముంటే అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే అప్పగించిన రోజునే అంగీకరించినట్లు చట్టం భావిస్తుంది. నెలల తర్వాత 'ముక్కలు బాగాలేవు' అంటూ కూలి కోసేవారికి ఇదే జవాబు. గడువు దాటితే కేంద్రప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ బిల్లులు కూడా అడుగుతారు.

ఆలస్యానికి రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కూడా ఆ చట్టం విధిస్తుంది. శ్రమఫలితమైన అసలు మొత్తం అడగడంలో సంకోచం అక్కరలేదు. వడ్డీ సంగతి వేరు. వడ్డీ నిషిద్ధమైన మన ఇళ్లలో దానిని స్వీకరించే ముందు ఆలిములను సంప్రదించాలి. ఫిర్యాదు దాకా వెళ్లకముందే, గడువు ముగిసిన మర్నాడు అదే బిల్లును తిరిగి పంపి గుర్తుచేయడం మేలు.