గుడి గోడ మీద అక్షరాలు చదివిన కుర్రాడు

అరకు వెళ్తే బొర్రా గుహలు, కాఫీ తోటలు, బొంగు చికెన్, ఓ పాతిక సెల్ఫీలు. మనందరి ట్రిప్పూ దాదాపు ఇంతే. ఈసారి వెళ్లినప్పుడు సంతలో ఓ పది నిమిషాలు ఫోన్ జేబులో పెట్టేసి ఊరికే నిలబడండి. అల్లం బేరం ఒక భాషలో, పసుపు బేరం ఇంకో భాషలో నడుస్తుంటాయి. కువి, కొండ, పోర్జా, ఆదివాసీ ఒరియా... మనవైపు తిరిగితే మాత్రం తెలుగులోకి మారిపోతారు. వాళ్లకి మన భాష వచ్చు. మనకి వాళ్ల భాష పేరు కూడా తెలీదు.

ఇవే తూర్పు కనుమల వెంట ఉత్తరంగా పోతే సీతంపేట నుంచి ఒడిశా లోపలి దాకా సవరల కొండలు. దాదాపు 130 ఏళ్ల కిందట ఆ కొండల కింద ఊళ్లో ఒక బడిపంతులు కూడా ఇలాగే నిలబడి విన్నారు. ‘ఇదేం భాష?’ అనుకుని ఇంటికి వెళ్లిపోలేదు. ఆ ప్రశ్న వెనక ముప్ఫై అయిదేళ్లు నడిచారు. చెవులు పోగొట్టుకున్నారు. మీరిప్పుడు ఈ పేజీలో చదువుతున్న తెలుగు ఇలా ఉండటానికీ ఆయనే ఒక ముఖ్య కారణం.

పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని స్కూల్లో ఫొటోకి దండ వేస్తారు చూడండి, ఆయనే. ఆ ఫొటోలో పెద్దాయనే కనిపిస్తారు. కథంతా అంతకు ముందే, హైస్కూలు కుర్రాడిగా ఉన్నప్పుడే మొదలైంది.

సిలబస్‌లో లేని చదువు

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో పోయారు. అప్పటికి పిల్లాడికి పన్నెండేళ్లు. తర్వాత బంధువుల అండతో విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు హైస్కూల్లో చదువు. అక్కడ క్లాస్‌మేట్ ఎవరో తెలుసా? గురజాడ అప్పారావు. ఒకే క్లాసులో ఆ ఇద్దరూ! ఆ హాజరు పట్టీ ఎక్కడైనా దొరికితే ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవచ్చు.

తండ్రి లేని పిల్లాడు. త్వరగా మెట్రిక్ పాసై ఏదో ఒక ఉద్యోగంలో చేరాలి. అలాంటివాడు ఖాళీ దొరికితే ఏం చేసేవాడంటే, ఇంటికి దగ్గర్లోని గుళ్లకి వెళ్లి గోడల మీద, రాళ్ల మీద ఉన్న పాత శాసనాలు చదివేవాడు. చదివేవాడు అనడం తేలికే గానీ, ఆ అక్షరాలు మనం దిద్దిన అ ఆ ఇ ఈలు కావు. వందల ఏళ్ల కిందటి లిపి. నేర్పే మేస్టారు లేరు, గైడ్ లేదు, మార్కులు అసలే లేవు. తెలిసిన అక్షరాన్ని పట్టుకుని తెలియనిదాన్ని ఊహించడం, పదం కుదరకపోతే మళ్లీ మొదటికి రావడం. అలా తనంతట తానే ఆ లిపి నేర్చేసుకున్నాడు.

దీనివల్ల ఉపయోగం ఏమిటని ఇంట్లో ఎవరైనా అడిగి ఉంటే ఆ వయసులో అతని దగ్గర జవాబు ఉండి ఉండదు. మనం ‘యాంబిషన్’ అనగానే ఐఏఎస్, డాక్టర్, స్టార్టప్ అని ఒక మెట్టు చూపిస్తాం. ఇతనిది ఆ రకం కాదు. ముందున్న అక్షరం అర్థం కాకపోతే ఊరుకోలేకపోవడం. అంతే.

1879లో మెట్రిక్ పాసయ్యాడు, ఆ ఏడే పెళ్లి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరు ఉద్యోగం. పదిహేడేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ‘ప్యాషన్ కోసం జాబ్ వదిలెయ్’ అని రీల్స్ చూసి ఉత్సాహపడేవాళ్లకి ఇక్కడ ఒక మాట. గిడుగు ఉద్యోగం వదల్లేదు. జీతం తీసుకుంటూ, ఇల్లు నడుపుకుంటూ, ప్రైవేటుగా కట్టి 1886లో ఎఫ్‌.ఏ., ముప్ఫయ్యేళ్లు దాటాక బి.ఏ. గట్టెక్కారు. బి.ఏ.లో ప్రత్యేకంగా తీసుకున్న సబ్జెక్టు? చరిత్ర. ఇంకేముంటుంది!

గుడి గోడల పిచ్చి ఆ ఊళ్లోనూ వదల్లేదు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుళ్లున్నాయి. అక్కడి శాసనాలు స్వయంగా చదివి, గంగరాజుల పాత రాజధాని కళింగనగరం ఇదేనని వాదిస్తూ వ్యాసం రాశారు. ‘ఇండియన్ యాంటిక్వెరీ’, ‘ఎపిగ్రాఫియా ఇండికా’ లాంటి పెద్ద పత్రికల్లో ఒక మారుమూల స్కూలు టీచరు పేరు అచ్చయింది. హైస్కూల్లో టైమ్‌పాస్ అనిపించిన పని పదిహేను, ఇరవై ఏళ్లకి అలా తేలింది.

రాళ్ల నుంచి మనుషుల దగ్గరికి

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. ఊళ్లోవాళ్లు రోజూ వాళ్లతో బేరాలాడతారు. కానీ ఆ భాషకి పుస్తకం లేదు, బడి లేదు. రాళ్ల మీద చచ్చిపోయిన రాజుల అక్షరాలు చదివిన మనిషికి పక్కనే బతికున్న భాష ఒక్క ముక్క కూడా అర్థం కాకపోవడం మింగుడుపడినట్టు లేదు. సవర నేర్చుకోవాలి, ఆ పిల్లలకి చదువు చెప్పాలి అని పట్టు పట్టారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకాయన్ని తీసుకొచ్చి తన ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1890ల నాటి బ్రాహ్మణ ఇంట్లో ఇది మామూలు విషయం కాదు. అందరూ దీన్ని ఒక వాక్యంలో చెప్పి దాటేస్తారు గానీ, నాకు గిడుగు కథలో అన్నిటికంటే పెద్ద సాహసం ఇదే అనిపిస్తుంది.

సవర తెలుగుకి చుట్టం కాదు. అది ముండా భాష. సంతాలీ, ముండారీ దాని దగ్గరి బంధువులు. కంబోడియాలో మాట్లాడే ఖ్మేర్, వియత్నామీస్ దూరపు చుట్టాలు. తెలుగు చెవికి అందని శబ్దాలు ఉంటాయి. గొంతులో గాలి టక్కున ఆగిపోయి పుట్టే శబ్దం అలాంటిదే. వాక్యాల తీరు ఇంకా చిత్రం. ‘తలకి నూనె రాసుకుంటాను’ అనాలంటే మనకి మూడు మాటలు కావాలి. సవరలో తల, నూనె రెండూ క్రియలోకి దూరిపోయి మొత్తం ఒకే మాట అయిపోతుంది! గిడుగు నోట్ చేసిపెట్టిన ఇలాంటి మాటల్ని విదేశీ భాషాశాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉదాహరణగా ఇస్తుంటారు.

ఇంట్లో కూర్చుని నేర్చుకుంటే సరిపోలేదు. కొండలెక్కారు, గూడేలు తిరిగారు. మాటలు, పాటలు, కథలు రాసుకున్నారు. సవరలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఇదంతా సెలవుల్లో, స్కూలు పని చూసుకుంటూనే.

ఆ కొండల్లో మలేరియా ఉండేది. అప్పట్లో దానికి మందంటే క్వినైన్. జ్వరం రావడం, క్వినైన్ మింగడం, మళ్లీ కొండకి వెళ్లడం. క్వినైన్ ఎక్కువైతే ముందు చెవుల్లో హోరు పుడుతుంది, తర్వాత వినికిడే తగ్గుతుంది. గిడుగుకి అదే జరిగింది. చెవే పనిముట్టుగా, విన్నదే రాసుకునే మనిషి ఆ పనిలోనే చెవులు పోగొట్టుకున్నారు. ఇష్టమైన పని చేస్తే కష్టం తెలీదని చెప్పేవాళ్లు ఈ ఒక్క వివరం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది. తండ్రిని తీసుకెళ్లింది ఏదో విషజ్వరమేనని తెలిసిన మనిషి ఆయన. అయినా వెళ్లారు.

అసలు గొడవ

1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. క్లాసుల్లో కూర్చుని చూస్తే ఒకటి అర్థం కాలేదు. మేస్టారు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి. ఎందుకిలా అని విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ని అడిగితే, ఇది తేల్చగలిగేవాళ్లు గురజాడ, గిడుగు అని చెప్పారు. పాత క్లాస్‌మేట్లు మళ్లీ ఒక జట్టయ్యారు.

తేడా ఎంతో తెలియాలంటే చిన్న ప్రయోగం. ‘అన్నా, బస్సు మిస్సయింది, లేటవుద్ది’ అని మీరు వాట్సాప్‌లో కొడతారు. గ్రాంథికంలో అయితే ‘అన్నా! శకటము తప్పినది, ఆలస్యము కాఁగలదు’ అని కొట్టాలి. అరసున్నాతో సహా! ఇది నేను సరదాకి కట్టిన వాక్యమే గానీ, అప్పటి పిల్లలు పరీక్షలో రాయాల్సిన తెలుగు ఈ రకమే. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష నేర్చుకోవడానికే సగం చదువు సరి.

ఇక్కడ నా ఊహ ఒకటి. మిగతా పండితులకి కనిపించనిది గిడుగుకి ఎందుకు కనిపించింది? వాళ్లకి భాష అంటే పుస్తకం. ఈయనకి భాష అంటే నోరు. పుస్తకమే లేని సవరలో ఎంత కచ్చితమైన వ్యాకరణం ఉందో అప్పటికే పదిహేనేళ్లుగా వింటున్నారు. రాతలో లేకపోయినా అది భాషే అయినప్పుడు, జనం మాట్లాడే తెలుగు మాత్రం తప్పుల తడక ఎలా అవుతుంది? ఇంకో సాక్ష్యం ఆయన చిన్నప్పుడే చదివేశారు. పాత శాసనాల్లో అప్పటి జనం మాటలు కనిపిస్తూనే ఉంటాయి. పండితులు వ్యాకరణ గ్రంథాలు చూపిస్తే ఈయన రాళ్లు చూపించగలరు, గూడెం చూపించగలరు.

1911లో ముప్ఫై ఏళ్ల సర్వీసు ముగించుకుని పూర్తిగా ఇందులోకి దిగారు. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో పెద్ద మెమొరాండం రాశారు. స్కూలు ఫైనల్లో వ్యాసం వాడుక భాషలోనూ రాయొచ్చని వెసులుబాటు వచ్చింది. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు గట్టిగా ఎదురు తిరిగారు. 1915లో ప్రభుత్వం ఆ వెసులుబాటు వెనక్కి తీసుకుంది. అదే ఏడు నవంబరులో గురజాడ పోయారు. ఓడిపోయిన కేసు, పక్కన స్నేహితుడు లేడు, సరిగా వినపడదు, వయసు యాభై దాటింది. 1919లో ‘తెలుగు’ అని సొంతంగా మాసపత్రిక పెట్టారు. సభలకి సంచుల కొద్దీ పాత పుస్తకాలు మోసుకెళ్లి, గ్రాంథికవాదుల రాతల్లోనే వాడుక మాటలు దొర్లిన చోట్లు చదివి వినిపించేవారు. జనం నవ్వేవారు. కొందరు మారేవారు.

మొదట మారింది పత్రికలు, కథలు, నవలలు. విశ్వవిద్యాలయాలు పూర్తిగా దారికి రావడానికి ఆయన పోయాక కూడా చాలా ఏళ్లు పట్టింది.

మిగిలిపోయిన సగం

తెలుగు గొడవలో పడి సవరని వదిలేశారా? లేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకి 75 ఏళ్లు. మధ్యలో 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది. జీవితమంతా బతికిన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి నడిమధ్య పత్రికల వాళ్లని పిలిచి ఆఖరిసారి మాట్లాడారు. వారం తిరగ్గానే, 22న కన్నుమూశారు.

తెలుగు విషయంలో ఆయన గెలిచారు. మొదట కోరుకున్నది మాత్రం సవర పిల్ల సవరలో చదువుకోవడం. అది తెలుగు అంత తేలిగ్గా తెమల్లేదు.

ఆయన ఊరు వదిలిన 1936లోనే, ఒడిశా వైపు కొండల్లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకి కొత్త లిపి తయారుచేశారు. దాని పేరు సోరాంగ్ సోంపెంగ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు మొదలయ్యాయి. కువి, కొండ, ఆదివాసీ ఒరియాతో పాటు సవర కూడా ఉంది, తెలుగు లిపిలో. 2012లో సోరాంగ్ సోంపెంగ్ యూనికోడ్‌లో చేరింది. గూగుల్ నోటో ఫాంట్లలో ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. 2011 జనాభా లెక్కల్లో సవర మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల పైచిలుకు.

సీతంపేట వైపు గూడేల్లో ఇంట్లో సవర, బళ్లో తెలుగు, పై చదువుకి ఇంగ్లీషు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక పిల్లలు సవర పాటలు యూట్యూబ్‌లో పెడుతున్నారు. కింద కామెంట్లు తెలుగు అక్షరాల్లో కొన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో కొన్ని. స్పెల్లింగు ఎవరి ఇష్టం వాళ్లది. గొంతులో ఆగే ఆ శబ్దాన్ని ఎలా రాయాలో ఒక్కొక్కరు ఒక్కోలా ప్రయత్నిస్తుంటారు.