కూడలి మీది గేటు

గోదావరి మండలములవారికి దారి తగవులు క్రొత్తవి కావు. గట్టు మీద నడక, బోదె మీద తూము, పైవాని చేలోనుండి బండి తోలుకొను హక్కు, వీనిపై తాతలు వేసిన వ్యాజ్యములను మనుమలు నడపిన కుటుంబము లెన్నియో యున్నవి. రాజమహేంద్రవరపు ప్లీడర్లకు ఈ తగవులు చిరకాలము అన్నము పెట్టినవి. ఇప్పుడు అట్టి తగవే మరియొక రూపమున బయలుదేరినది. కూడలిని ఆనుకొని యున్న స్థలము యొక్క గేటు ప్రమాదములకు కారణమగుచున్నది గనుక దానిని మూయవలెనని రహదారి శాఖ వారందురు. అది మా తండ్రితాతల నాటి దారి, మూయుటకు మీ రెవ్వరని స్వంతదారు లందురు. ఇరువురి మాటలలోను నిజము కలదు. ఇరువురును తమకు అక్కరకు వచ్చినంత నిజమును మాత్రమే చెప్పుచున్నారు.

ఈ గేట్లు ఎట్లు పుట్టినవో మొదట తెలిసికొనవలసియున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాకు నీటిబాటలే రాజబాటలైనవి. ధాన్యము పడవలలో పోయెడిది. కాలువ త్రవ్విన మట్టిని గట్టుగా పోసిరి. గట్టు బండ్లబాట యైనది. కొన్నాళ్లకు దానిమీద కంకర పడినది, ఆ తరువాత తారు పడినది. నేడు కోనసీమలో గాని భీమవరము ప్రాంతమున గాని మోటారులు పోవు రోడ్లు పెక్కు ఇట్లు కాలువగట్ల మీద పుట్టినవే. రోడ్డునకును చేనికిని నడుమ ఒక బోదెయో మురుగుకాలువయో యుండును. దానిమీద పేదవాడు తాటిదూలములు పరచుకొనెను. కలవాడు తూము వేసి పైన మట్టి కప్పించెను. బండి రోడ్డెక్కుటకు దారి యేర్పడినది. ఎద్దుబండ్ల కాలమున దీనివలన ఎవరికి నష్టము? ఒక బండి గట్టెక్కువరకు ఎదుటి బండివాడు చుట్ట ముట్టించుకొని నిలుచుండెడివాడు.

ఆ చుట్ట కాల్చు తీరిక నేటి రహదారికి లేదు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పాత రాజమార్గము అయిదవ నంబరు జాతీయ రహదారియై, 2010లో పదునారవ నంబరు ధరించి, నేడు నాలుగు వరుసలుగా ఏలూరు దాపునుండి తాడేపల్లిగూడెము, తణుకు, రావులపాలెము, కడియపులంక మీదుగా రాజమహేంద్రవరము ప్రక్కకు వచ్చుచున్నది. రోడ్డు వెడల్పైనది, వేగము హెచ్చినది. తూము మీది దారి మాత్రము ఉన్నచోటనే యున్నది. ఉండుటయే కాదు, దాని విలువ పెరిగినది. కూడలి మూలనున్న సెంటు భూమికి లోపలి భూమికన్న ఎన్ని రెట్లు పలుకునో పాఠకులకు మేము చెప్పవలసిన పని లేదు. పెట్రోలు బంకు పెట్టువాడు, రైసుమిల్లు కట్టువాడు, కల్యాణమండపము లేపువాడు, అందరును ఆ మూలనే కోరుదురు. గేటును ఆవలికి జరుపుమన్నచో వాస్తు సిద్ధాంతి అడ్డు వచ్చును. ఈశాన్యమున గుమ్మము మూసిన సంతానమునకు కీడట! ఆ గుమ్మమునుండి లారీ క్రిందికి పోయిన సంతానమును గూర్చి ఏ వాస్తుగ్రంథమును చెప్పినట్లు లేదు.

కూడలి దగ్గరి గేటు తక్కిన గేట్లవంటిది ఎందుకు కాదో వివరింపవలసియున్నది. అధికారులు నోటీసులో వ్రాయనిది ఇదియే. నాలుగు దారులు కలియుచోట బండ్ల మార్గములు ఒకదానినొకటి ఖండించుకొనుచోట్లు, కలిసికొనుచోట్లు, విడిపోవుచోట్లు మొత్తము 32 అని ఇంజనీర్లు లెక్కకట్టినారు. మూడు దారులు కలియుచోట అవి 9 మాత్రమే. మూడు దారుల కూడలికి సరిగా ఎదురుగా, డివైడరు లేని రోడ్డున, ఒక మిల్లుగేటు తెరచినామనుకొనుడు. ఊరివారి కంటికి అది గేటు. లెక్కకు అది నాలుగవ దారి. తొమ్మిది ముప్పదిరెండుగ మారును. మార్చినవాడు ఎవ్వరినీ అడుగలేదు.

అంతకన్న సూక్ష్మమైన అపాయము మరియొకటి కలదు. ముందు పోవు బండివాడు ఎడమవైపు దీపము మినుకుమినుకుమనిపించినాడు. అడ్డరోడ్డులోనికి తిరుగునని అచ్చట నిలిచియున్న ఆటోవాడు భావించి రోడ్డెక్కును. కాని ఆ దీపము అడ్డరోడ్డు కొరకు కాదు, అది దాటిన వెంటనే యున్న గేటు కొరకు. ఒక సంకేతమునకు రెండర్థములు. వెనుక లారీవాడు కూడ ఇట్లే మోసపోవును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి, చోదకుడు అపాయమును గుర్తించి కాలు కదల్చునంతలోనే, అనగా రెండున్నర సెకండ్లలో, 55 మీటర్లు పోవును. పూర్తిగ నిలుచుటకు 120 మీటర్లు కావలెనని మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి ప్రమాణము. కూడలికి ఇరువది గజముల దూరమున గేటు ఉన్నప్పుడు ఆ 120 మీటర్లు ఎక్కడనుండి వచ్చును?

లోనికి పోవుటకన్న వెలికి వచ్చుట మరింత కష్టము. రావులపాలెమునే తీసికొందము. అది కోనసీమకు ముఖద్వారము. గౌతమి మీది వంతెన దిగిన బండ్లు, అమలాపురమునుండి వచ్చు బస్సులు, అరటిగెలల లారీలు అచ్చట కలిసికొనును. అట్టిచోట నిలిచిన బస్సు వెనుకనుండి ఒక ట్రాక్టరు గేటు దాటి వచ్చినచో అది ముక్కు బయటపెట్టువరకు ఎవ్వరికిని కనబడదు. అది పోవలసినది అవతలి వరుసకు. డివైడరు తెరపి అరకోసు దూరమున నున్నది. అంత దూరము పోయి తిరిగి వచ్చుటకు డీజిలు ఖర్చగును గదాయని ఎదురుదారిని పోవును. ఆ చోదకుడు దుర్మార్గుడు కాడు, సాధారణముగ మనలో ఒకని పాలేరే.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. దేశములోని రోడ్ల నిడివిలో జాతీయ రహదారులు నూటికి రెండువంతులు మాత్రమే, మరణములలో వాని పాలు మూడవవంతుకు మించినది. మన ప్రాంతమున కైకరము, తేతలి, ఉండ్రాజవరము కూడలి, జొన్నాడ, మోరంపూడి అను అయిదుచోట్ల పైవంతెనలకు 2022లో శంకుస్థాపన చేయవలసివచ్చిన దనగా ఆ కూడలుల స్థితి యెట్టిదో ఊహించుకొనవచ్చును. పైవంతెన మంచిదే. కాని అది పైనుండి పోవువానిని రక్షించును. క్రింద సర్వీసు రోడ్డు మీద కూడలియు నుండును, గేట్లును నుండును. కోట్లు వ్యయపరచి వంతెన కట్టి, దాని నీడలో మూలగేటును అట్లే వదలిపెట్టుట సగము పని.

ఇక హక్కుల మాట. ఇరువది యేండ్లు నడచినచో దారి మాదగునని మన గ్రామములలో గట్టి నమ్మకము. 1882 నాటి ఈజుమెంట్ల చట్టములో ఆ ఇరువది యేండ్ల మాట ఉన్నది. అది ఇరుగుపొరుగువారి భూములకు. సర్కారు భూమి మీద ఐనచో ముప్పది యేండ్లు కావలెను. 1905 నాటి చెన్నపురి ఆక్రమణల చట్టము బాటలు, వాని ప్రక్క కందకములు, వంతెనలు, కాలువలు ప్రభుత్వ స్వత్వమని స్పష్టముగ చెప్పినది. కనుక బోదె మీది మన తూము మనము వేసినదే యైనను, దాని క్రింది నేల మనది కాదు. జాతీయ రహదారుల విషయమున 2002 నాటి చట్టము మరింత దూరము పోయినది: రహదారి పాలకుల అనుమతి లేనిదే వాహనముతో రహదారి మీదికి వచ్చు హక్కు ఎవ్వరికిని లేదని దాని 28వ విభాగము చెప్పుచున్నది. స్వంతదారు వాదము ఇచ్చట బలహీనపడును. రహదారి ప్రక్క భూమి కలవానికి రహదారిని చేరు హక్కు ఉండుట న్యాయమే. తనకు నచ్చినచోటనే, ఎదుటివాని ప్రాణముతో నిమిత్తము లేకుండ చేరు హక్కు వేరు మాట. దానిని సమర్థించుట మాకు సాధ్యము కాలేదు.

అట్లని అధికారులకు పగ్గములు వదలుటకు మేము సిద్ధముగ లేము. ఒక రాత్రి కంకరకుప్ప పోసి, ఇనుపకమ్మీ నాటి, తెల్లవారి స్వంతదారును కలెక్టరు కచేరి చుట్టు త్రిప్పుట పరిపాలన కాదు. మూసినవాడు మరియొక దారి చూపవలెను. ఇది మా స్వకపోల కల్పితము కాదు. 1955 నాటి బొంబాయి రహదారుల చట్టము, ఉన్న దారిని మరలించునప్పుడు బదులుగా ఇచ్చు దారి తగని దూరమున ఉండరాదని నిబంధించినది. ఇంగ్లండులో 1935 లోనే రోడ్ల వెంబడి తోరణమువలె ఇండ్లు, గేట్లు లేచుటను అరికట్ట చట్టము చేసిరి; 1980 నాటి వారి రహదారుల చట్టము ప్రకారము ప్రమాదకరమైన గేటును మూయవచ్చును గాని, ఆ దారి అవసరము లేదనియైనను, వీలైన వేరుదారి కలదనియైనను తేలవలెను, నష్టపడినవానికి పరిహారము ఇయ్యవలెను. వారి పాలనను వదిలించుకొన్నవారము గనుక వారి శాసనములోని ధర్మమును కూడ వదలవలెనా? మన 1956 నాటి జాతీయ రహదారుల చట్టములోను ఒక అంకురము కలదు. భూమి మీది అనుభవపు హక్కునో ఈజుమెంటు వంటి హక్కునో సేకరించినచో, ఆ భూమి వెలలో నూటికి పదివంతులు బాధితునకు ఇయ్యవలెనని అందున్నది. గేటు మూత ఆ నిబంధనలోనికి వచ్చునా రాదా యని ఒక్కొక్క రైతును కోర్టుకు ఈడ్చుటకన్న, వచ్చునని ప్రభుత్వమే ఒక ఉత్తరువు వేయుట మర్యాద.

క్రమమును గూర్చియు ఒక మాట. మొదట ఎవరి గేటు మూయవలెను? దినమునకు రెండు పర్యాయములు గడ్డిబండి తోలుకొను కౌలుదారు గేటును మూసి, దినమునకు వందల బండ్లు వచ్చిపోవు బంకు గేటును, ముహూర్తపు దినములలో రోడ్డునంతయు ఆక్రమించు కల్యాణమండపపు గేటును ఉంచినచో ప్రమాదము తగ్గదు. చట్టము పేదవానికే యను అపకీర్తి మిగులును. బండ్లు ఎక్కువ పోవు గేటు ముందు మూతపడవలెను.

మన డెల్టాలో వేరుదారి ఎక్కడ దొరకును? ఇచ్చట మన పాఠకులతో, విశేషించి భూవసతి గలవారితో, కొంచెము నిష్ఠురముగ మాటలాడవలసియున్నది. పెద్దరోడ్డు రాకముందు ఈ చేలకు దారి లేదా? ఉన్నది. ఊరినుండి చేలవెంబడి పశువులు, బండ్లు పోవు పుంతలు ప్రతిగ్రామమునను ఉండెడివి. గ్రామపటములలో నేటికిని గీతలుగ ఉన్నవి. నేల మీద ఎన్ని మిగిలినవి? రోడ్డు వచ్చినది గదా, పుంతతో పని లేదని ఒకరు ఒక గట్టు జరిపిరి. ఎదుటివారు ఊరకుందురా, మరియొక గట్టు జరిపిరి. రెండు బండ్లు తప్పుకొనుటకు వీలైన పుంత నాగలి చాలుగ మిగిలినది, కొన్నిచోట్ల అదియును లేదు. వెనుక పుంతను చేనిలో కలుపుకొన్న చేయియే నేడు ముందు గేటు తప్ప నాకు గత్యంతరము లేదని అర్జీ వ్రాయుచున్నది. ఆ అర్జీని అధికారి నమ్మకపోయినచో అతనిని తప్పుపట్టుట యెట్లు?

1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామములోని బాటలను పంచాయతీల కప్పగించినది. కనుక పుంతలను విడిపించుటకు ఢిల్లీకి పోనక్కరలేదు. రహదారి శాఖ గేటు మూయదలచిన ప్రతికూడలి వద్దను, ముందుగ గ్రామపటము తెప్పించి, స్థలము వెనుక పుంత కలదేమో చూచి, ఉన్నచో పంచాయతీచేత విడిపించి, కంకర పోయించి, అడ్డరోడ్డులోనికో సర్వీసు రోడ్డులోనికో కలిపి, ఆ తరువాత గేటు మూయవలెను. పుంత లేనిచోట సర్వీసు రోడ్డును ఆ స్థలము వరకు పొడిగింపవలెను. ఎకరము, అర ఎకరము గల చిన్నరైతుల విషయమున రెండు మూడు స్థలములకు కలిపి కూడలికి దూరముగ ఒకే గేటు ఏర్పరచుట కుదురును. పొరుగువారు ఒప్పుకొనవలెనన్నదే చిక్కు. ఒక బోదె నీటిని వంతులవారీగ పంచుకొను నేర్పు డెల్టారైతునకు నూరేండ్లకు పైగా ఉన్నది. ఒక గేటును పంచుకొనలేడని మేము నమ్మజాలము.

నోటీసు వచ్చినవారు దానిని చింపివేయక, స్టే కొరకు పరుగిడక, గడువులోగా సమాధానము వ్రాసి మూడు సంగతులడుగుట మంచిది: మూయుటకు ఆధారమైన ప్రమాదముల వివరము, బదులు చూపు దారి యొక్క పటము, పరిహారమును గూర్చిన లిఖితపూర్వకమైన నిర్ణయము. ఈ మూడును ఇయ్యలేని అధికారికి గేటు మూయు ముఖము లేదు. ఇచ్చిన పిమ్మట మూయవలదను స్వంతదారునకు చెప్పుకొనుటకు మాట లేదు. పుంతల గ్రామపటము తహసీలుదారు కచేరిలో ఉండును. దానికై పోయినవారు పనిలో పనిగా తమ సర్వే నంబరులో ఎంత పుంత కలిసినదో కూడ కొలిపించుకొని రావచ్చును.