అంతరిక్షయానము – నిలకడ

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎస్.ఎల్.వి-3 రాకెట్టు సముద్రంలో కూలింది. ప్రభుత్వం పథకాన్ని విడువలేదు. 1980 జులై 18న అదే రకం రాకెట్టు, అబ్దుల్ కలాం గారి సారథ్యంలో, రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది.

2020లో కేంద్రం ఈ రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరచింది. 2022 నవంబరు 18న హైదరాబాదు సంస్థ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్టును శ్రీహరికోట నుండే ప్రయోగించింది. దాని స్థాపకులు ఇస్రోలో పనిచేసినవారే. దీనిని మేము హర్షిస్తున్నాము. అయితే పాత వేరు ఎండితే కొత్త చిగురు ఎక్కడిది?

మా నారాయణపేట నేతగారు చీర రంగులు మార్చినా అంచు మర్యాదను విడువరు. పాలకులు మారినా పరిశోధనకు నిధులు ఆగరాదు. ఒక్క ఓటమితో ప్రయత్నం మానరాదు. విద్యార్థులారా! నిలిచిన సంస్థలను కాపాడుకొనుటే నూతనత్వానికి తొలి మెట్టని మా అభిప్రాయము.