ఫిల్టర్ ఉండాల్సింది టెలిస్కోప్ మూతి దగ్గర

మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్‌ది 17.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఏటా మే 9కీ, ఆగస్టు 3కీ ఒకరోజు అటూ ఇటూగా సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికొస్తాడు. మబ్బు లేకపోతే అప్పుడు చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు 1,000 వాట్లు. మిగతా లెక్కంతా ఇందులోంచే తీయవచ్చు.

మిట్టమధ్యాహ్నం కనుపాప 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. అందులోంచి లోపలికి పోయేది 3 మిల్లీవాట్లు. 60 మి.మీ. వెడల్పు అద్దమున్న చిన్న టెలిస్కోప్ పోగుచేసేది 2.8 వాట్లు, అంటే 900 రెట్లు. 130 మి.మీ.దైతే 13 వాట్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలోని 48 అంగుళాల టెలిస్కోప్ అద్దం మీద ఎండ పడితే కిలోవాటు దాటుతుంది.

అలాగని టెలిస్కోప్‌లో సూర్యుడు 900 రెట్లు ప్రకాశిస్తాడనుకోకండి. అసలు ప్రమాదం వేరే. టెలిస్కోప్ బింబాన్ని కూడా పెంచుతుంది. మామూలుగా రెటీనా మీద సూర్యబింబం 0.16 మి.మీ. మాత్రమే, 30 రెట్లు పెంచితే దాదాపు 5 మి.మీ. చుక్కంత చోట పుట్టిన వేడి చుట్టుపక్కలకు జారిపోగలదు. 5 మి.మీ. మచ్చ నడుమ చిక్కిన వేడికి పోవడానికి దారుండదు. అక్షరాలు చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి ఆధారమైన మాక్యులా వెడల్పూ ఇంచుమించు అంతే. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్న సంగతి ఆ క్షణాన తట్టదు.

మంచి సోలార్ ఫిల్టర్ లక్షలో ఒక వంతు వెలుగునే వదులుతుంది. దాన్ని టెలిస్కోప్ మూతికి తొడగాలి. పాత చవక టెలిస్కోప్‌లతో, కన్ను పెట్టి చూసే ఐపీస్‌కు బిగించే నల్ల గాజుబిళ్ల ఒకటి వచ్చేది. దాన్ని చెత్తబుట్టలో వేయడమే మేలు. 900 మి.మీ. నాభ్యంతరం ఉన్న గొట్టం ఆ 2.8 వాట్లనూ 8 మి.మీ. బింబంలోకి కుదించి బిళ్ల దగ్గరికే పంపుతుంది, అది ఎప్పుడైనా పగలొచ్చు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని టెలిస్కోప్‌లో చూసినా ఇదే గొడవ. పక్కనుండే 30 మి.మీ. చిన్న గురిగొట్టం (ఫైండర్) కూడా 0.7 వాట్లు లాగుతుంది, దానికీ మూత పెట్టాలి.

మన ఇళ్లలో పళ్లెంలో పసుపు నీళ్లు పోసి గ్రహణం చూసే అలవాటుంది. సూర్యుడు నడినెత్తినున్నా నీళ్లు 2 శాతం వెలుగును తిప్పికొడతాయి, ఫిల్టర్ వదిలేదానికి అది 2,000 రెట్లు. పొద్దు వాలేకొద్దీ ఇంకా పెరుగుతుంది. దానికన్నా అట్టకు సూదితో బెజ్జం పెట్టి, ఎండకు వీపు తిప్పి, మీటరు దూరంలో తెల్ల కాగితం పట్టుకుంటే 9 మి.మీ. సూర్యుడు దొరుకుతాడు.

1980 ఫిబ్రవరి 16న రంగాపూర్‌లో సంపూర్ణ గ్రహణం పట్టింది. చంద్రుడు పూర్తిగా కప్పేసిన ఆ కొద్దిసేపు మాత్రమే ఫిల్టర్ లేకుండా చూడదగ్గది. 2027 ఆగస్టు 2 సాయంత్రం ఇక్కడ కనిపించేది పాక్షిక గ్రహణమే కాబట్టి, పట్టింది మొదలు విడిచేదాకా ఫిల్టర్ తీసే వీల్లేదు. ముందుగా దాన్ని బల్బుకు ఎదురుగా పట్టి, సూదిమొన పాటి బెజ్జం కనిపించినా పక్కన పడేయండి. ఆ రోజు ఆషాఢ అమావాస్య, ఆ నెల గాలి సంగతి తెలిసిందేగా, ఫిల్టర్ అంచు చుట్టూ టేపు కూడా వేయండి.