మంచు ఎత్తును విమానంలోంచి ఎలా కొలుస్తారు?

నాకు అర్థమైనట్టు రాస్తున్నాను, చదవండి.

గ్రీన్‌లాండ్ ప్రపంచంలోనే పెద్ద దీవి. అందులో ఐదు పాళ్ళలో నాలుగు పాళ్ళు మంచే. కొన్నిచోట్ల 3 కిలోమీటర్ల మందం ఉంది. అదంతా కరిగితే సముద్రమట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది. సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి కదా, మన కాకినాడ, విశాఖపట్నం తీరానికి కూడా ముప్పే. అందుకే మంచు ఏటా ఎంత తరుగుతోందో తెలియాలి. అంత మంచు మీద టేపు పట్టుకుని ఎవరు నడుస్తారు? పగుళ్ళలో పడిపోతారు. అందుకని విమానానికి రాడార్ కట్టి కొలుస్తారు.

కొండకి ఎదురుగా నిలబడి "కూ" అంటే ఆ కేక మళ్ళీ మనకే వినిపిస్తుంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. కేక 2 సెకన్లకి తిరిగొస్తే కొండ 340 మీటర్ల దూరం. ఒక సెకను పోవడానికి, ఒక సెకను రావడానికి. రాడార్ కూడా ఇంతే. కాని అది పంపేది రేడియో తరంగం. దాని వేగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు. 12 కిలోమీటర్లు పోయి రావడానికి సెకనులో 12,500వ వంతు చాలు!

అమెరికాలోని నాసా సంస్థ 2016 నుంచి 2019 వరకు గ్లిస్టిన్ అనే రాడార్‌ని గ్రీన్‌లాండ్ అంచుల మీద తిప్పింది. దాని తరంగం పొడవు 8 మిల్లీమీటర్లే. అందుకని మంచులోకి ఎక్కువ దిగకుండా పైనుంచే తిరిగొస్తుంది. మబ్బు పట్టినా, చీకటైనా పనిచేస్తుంది.

ఈ రాడార్ పక్కకి చూస్తుంది. కాబట్టి దూరం ఒక్కటే తెలిస్తే చాలదు. అంతే దూరంలో మిట్ట ఉండొచ్చు, పల్లం ఉండొచ్చు. అందుకే రెండు యాంటెనాలు పెట్టారు, మనకి రెండు కళ్ళు ఉన్నట్టు. తిరిగొచ్చిన తరంగం రెండింటికీ కొంచెం తేడాతో చేరుతుంది. ఆ తేడానిబట్టి ఏ కోణంలోంచి వచ్చిందో, అక్కడ ఎత్తెంతో లెక్కకడతారు. మరుసటి ఏడు మళ్ళీ కొలిచి, తీసివేత చేస్తే పెరిగిందో తరిగిందో తెలిసిపోతుంది.

అక్కడ యాకోబ్‌షావ్న్ అనే హిమానీనదం ఉంది. 20 ఏళ్ళుగా పలచబడుతూ వచ్చింది. 2016 తర్వాత కొలిస్తే దాని ముందుభాగం మందమైంది! పక్కనున్న సముద్రపు నీరు చల్లబడటమే కారణమని శాస్త్రవేత్తలు 2019లో చెప్పారు. అంటే మంచు కరగడం గాలి వేడివల్లే కాదు, కిందున్న సముద్రం వల్ల కూడా అన్నమాట. అయితే గ్రీన్‌లాండ్ మొత్తం మీద మంచు తరుగుతూనే ఉంది. ఒక్క మడి తడిసిందని చేనంతా పండినట్టు కాదు కదా.

ఇప్పుడు మీకొక లెక్క: కేక 3 సెకన్లకి తిరిగొస్తే కొండ ఎంత దూరం? జవాబు వచ్చే గోడపత్రికలో రాస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని