నీడన పాకే వెడీలియా: పెంపకం, అదుపు



సికింద్రాబాదులో మారేడుపల్లి, తిరుమలగిరి వైపు పాత బంగళాల్లో పెద్ద చెట్లుంటాయి. వాటి నీడన గడ్డి పట్టదు. వానకు మట్టి కొట్టుకుపోతుంది. అటువంటి చోట చాలామంది వెడీలియా నాటుతున్నారు. పసుప్పచ్చని పూలు పూసే ఈ మొక్కను చూచి కొందరు గుంటగలగర అనుకుంటారు. మన గుంటగలగర పూలు తెల్లగా ఉంటాయి. ఇది మధ్య అమెరికా, కరిబియన్ దీవుల మొక్క.

పెంచడం సులువే. తొలకరి పడ్డాక జానెడు కాడలు తుంచి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు అడుగు దూరాన నాటాలి. వేరూనేదాకా తడి ఆరనివ్వకూడదు. నీడలో పూలు తగ్గినా పాకడం ఆగదు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. నేలకు తగిలిన ప్రతి కణుపూ వేరు వేస్తుంది. ఒత్తుగా అల్లుకుంటే కింద మరే మొక్కా లేవదు. ప్రపంచంలో మిక్కిలి బెడదగా తయారైన 100 పరాయి జీవజాతుల జాబితాలో దీన్ని కూడా చేర్చారు.

కనుక మడి చుట్టూ ఇటుకలు నిలువుగా పాతి, వెలుపల అడుగు వెడల్పున నేల ఖాళీగా ఉంచండి. ఇటుక దాటిన తీగ వెంటనే కంటబడుతుంది. వానకాలంలో 15 రోజులకోసారి, తక్కిన రోజుల్లో నెలకోసారి కత్తిరించండి.

బొత్తిగా తీసివేయదలిస్తే, వానకు నేల మెత్తబడినప్పుడు తీగ వెంట పోతూ కణుపు కణుపునా వేళ్లతో సహా పెకలించాలి. పైపైన కోస్తే లాభం లేదు. మూడు వారాలకోసారి చూచి, మిగిలిపోయి చిగురించిన వాటిని తీయాలి.

మరి తీసిన తీగలను ఏం చేస్తున్నారు? గోడ అవతల నాలాలో వేస్తే పని తీరిందనుకుంటాం. పికెట్ నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. సాగర్ అలుగు నీరు మూసీకి పోతుంది. మూసీ కింద పొలాలున్నాయి. తడి గట్టున ఒక్క కణుపు ఆగినా చాలు, మన తోటలో అందమైనది అవతలి రైతుకు కలుపవుతుంది. పచ్చి తీగలను పెంటకుప్పలో వేసినా ఎరువుతోబాటు చేలోకి పోతాయి. బండమీదనో డాబామీదనో పరచి, పెళపెళ విరిగేటట్లు ఎండిన తరువాతనే ఎరువుగుంటలో వేయండి.

నాలా పక్కన, చెరువు కట్టన, పొలాన్ని ఆనుకొని ఉన్నవారు దీన్ని నాటకపోవడమే మేలు. తడిగల నీడకు సరస్వతి ఆకు ఉన్నది. అదీ పాకుతుంది గాని, కోసి పచ్చడి చేసుకోవచ్చు.

విస్తరణ సిబ్బంది ఎవరికైనా వెడీలియా కాడలు ఇచ్చేటప్పుడు ఈ జాగ్రత్తలు కూడా చెప్పి ఇవ్వవలసిందిగా మనవి.