రూ.17.91 నుంచి రూ.2.44 దాకా

కర్నూలు, నంద్యాల జిల్లాల సరిహద్దులో గని, శకునాల అని రెండు ఊళ్లున్నాయి. ఎండ తప్ప ఇంకేదీ సరిగా పండదని పేరుపడ్డ నేల అది. ఇప్పుడు అక్కడ దాదాపు 6 వేల ఎకరాల్లో నీలిరంగు పలకలు బారులు తీరి ఉంటాయి. 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు అది. 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ అందులో 500 మెగావాట్లకు వేలం పెడితే, సన్ఎడిసన్ అనే అమెరికా కంపెనీ యూనిట్ రూ.4.63కే ఇస్తానంది. దేశంలో అప్పటికి అదే అతి తక్కువ రేటు. ఆ ధర గిట్టదని చాలామంది పెదవి విరిచారు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది.

పార్కు మాత్రం ఆగలేదు. సన్ఎడిసన్ భారతదేశ ఆస్తులను హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కో కొనుక్కుని, 2017లో ప్లాంటు పూర్తి చేసింది. కంపెనీ కూలినా ప్రాజెక్టు నిలబడిందంటే కారణం, దాని వెనకున్న ఒప్పందం గట్టిది కావడమే. స్థలం సిద్ధం, లైన్లు సిద్ధం. కొనేది ఎన్‌టీపీసీ. కరెంటు పుడితే చాలు, 25 ఏళ్లు డబ్బు వస్తుంది. అలాంటి ఒప్పందాన్ని అందుకోవడానికి ఇంకొకరు ఎప్పుడూ ఉంటారు.

వాతావరణ విధానం అనగానే అంతర్జాతీయ సదస్సులు, అక్కడి ప్రసంగాలు గుర్తొస్తాయి. దాని అసలు పని ఇలాంటి ఒప్పందాల్లో జరుగుతుంది.

2008 జూన్ 30న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేశారు. అందులో 8 మిషన్లు. వాటిలో మొదటిదైన సోలార్ మిషన్ 2010 జనవరిలో మొదలైంది. 2022 నాటికి 20 వేల మెగావాట్లు దాని లక్ష్యం. అప్పటికి గ్రిడ్‌కు కలిసిన సౌర విద్యుత్తు నామమాత్రం. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కగట్టిన రేటు యూనిట్‌కు రూ.17.91. ఏ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కొంటుంది? అందుకే ఆ ఖరీదైన కరెంటును ఎన్‌టీపీసీ చౌక బొగ్గు కరెంటులో కలిపి అమ్మే ఏర్పాటు చేశారు. ఆ ఏడాది చివర్లోనే వేలం పెట్టారు. మామూలు వేలంలో పాట పైకి పోతుంది, ఇక్కడ కిందికి పాడాలి. తొలి వేలంలోనే పాట రూ.10.95 దాకా దిగింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44కు చేరింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99 కూడా పలికింది.

ఈ ఘనతంతా ఢిల్లీదే అనడం సరికాదు. చైనా ఫ్యాక్టరీలు ప్యానెళ్లను కుప్పలు తెప్పలుగా తయారుచేయడంతో ప్రపంచమంతా ధర పడిపోయింది. అయితే చౌక ప్యానెల్ అందరికీ దొరికింది, చౌక కరెంటు అందరికీ దొరకలేదు. తేడా వడ్డీలో ఉంది.

బొగ్గు ప్లాంటు నడిపేవారికి రోజూ బొగ్గు ఖర్చుంటుంది. సోలార్‌కు ఇంధనం ఖర్చు లేదు, పెట్టుబడి మొత్తం మొదటి రోజే పెట్టాలి. అది అప్పు తెచ్చి పెట్టేదే. కాబట్టి యూనిట్ ధరలో పెద్ద భాగం ఆ అప్పు మీద కట్టే వడ్డీయే. ఊళ్లో నమ్మకస్తుడికి రూపాయి వడ్డీకి దొరికే అప్పు, నమ్మకం లేనివాడికి మూడు రూపాయలకూ పుట్టదు. సోలార్ కంపెనీల సంగతీ అంతే. డిస్కంలు బిల్లులు నెలల తరబడి తొక్కిపెడతాయని బ్యాంకులకు తెలుసు. అందుకే మధ్యలో కేంద్ర సంస్థ సెకీ నిలబడి కరెంటు కొని, రాష్ట్రాలకు అమ్మే పద్ధతి పెట్టారు. రాష్ట్రం డబ్బు ఎగ్గొడితే దానికి కేంద్రం నుంచి రావాల్సిన నిధుల్లోంచి మినహాయించుకునేలా రిజర్వు బ్యాంకుతో కలిపి త్రైపాక్షిక ఒప్పందం రాసుకున్నారు. పలకా తీగా లేని ఈ కాగితం కూడా కరెంటు ధర తగ్గించిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, అది నిజం.

ఆ కాగితాన్ని తిరగరాయాలని చూస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. పాత రేట్లు మరీ ఎక్కువని, సౌర, పవన విద్యుత్ ఒప్పందాలను సమీక్షించడానికి 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. ఖజానా వైపు నుంచి చూస్తే ఆ ఆలోచనకు కారణం లేకపోలేదు. వేలంలో ధర సగానికి పడిపోతుంటే, పాత ధర కట్టడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. కానీ కంపెనీలు కోర్టుకెక్కాయి, బకాయిలు పేరుకున్నాయి. 2022 మార్చిలో హైకోర్టు, ఒప్పందంలో ఉన్న రేటే కట్టాలని తీర్పు చెప్పింది. ఈ మూడేళ్లలో పోయింది పరపతి. దాని మూల్యం ఏ బిల్లులోనూ విడిగా కనిపించదు, తర్వాత తెచ్చే అప్పుల వడ్డీలో కలిసిపోతుంది.

మరో ఉదాహరణ ప్రతి ఇంట్లోనూ వెలుగుతోంది. విద్యుత్ పొదుపు మిషన్ కోసం పుట్టిన ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ 2014లో ఒక్కో ఎల్ఈడీ బల్బును రూ.310కి కొనేది. 2015 జనవరిలో బల్బుల పంపిణీ జాతీయ పథకంగా మారాక కోట్లలో ఆర్డర్లిచ్చింది. 2016కల్లా కొనుగోలు ధర రూ.38కి దిగింది. బల్బు మీద ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు. ఇంత సరుకు కచ్చితంగా కొంటామని చెప్పింది, తయారీదారులు ఆ ధైర్యంతో ఫ్యాక్టరీలు పెంచుకున్నారు. 36 కోట్లకు పైగా బల్బులు అలా పంచారు. తెలుగునాట వీటిని మొదట అందుకున్నవారిలో గుంటూరు, అనంతపురం జిల్లాల వాళ్లున్నారు.

సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీల దగ్గర మాత్రం విధానం చాలాకాలం తడబడింది. సోలార్ మిషన్ తొలినాళ్లలో దేశీయ ప్యానెళ్లనే వాడాలన్న షరతు పెడితే అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది. 2016లో భారత్ ఓడిపోయింది. తర్వాత దారి మార్చి, 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్లపై 40 శాతం, వాటిలో బిగించే సెల్స్‌పై 25 శాతం సుంకం వేశారు. తయారీకి రెండు విడతల్లో రూ.24 వేల కోట్ల ప్రోత్సాహకం ప్రకటించారు. ఫ్యాక్టరీలు లేచాయి. రంగారెడ్డి జిల్లాలో సెల్స్ తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ 2024లో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. సుంకం వల్ల ప్లాంటు పెట్టేవారికి ఖర్చు పెరిగిన మాటా నిజమే. పైగా సెల్‌కు ముందు దశలైన వేఫర్, పాలీసిలికాన్ ఇప్పటికీ ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. ప్యానెల్ బిగించే దగ్గర ఆగిపోతే లాభంలో పెద్ద వాటా బయటికే పోతుంది.

2025 జనవరికి దేశంలో సౌర సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. అదే ఏడాది జూన్‌కు మొత్తం స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటి శిలాజ ఇంధనాలు కాని వనరులదే అయింది. పారిస్ ఒప్పందం కింద 2030కి పెట్టుకున్న లక్ష్యం ఇది, ఐదేళ్లు ముందే అందింది. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. వాడే కరెంటులో దాదాపు మూడొంతులు ఇప్పటికీ బొగ్గుదే. దీపాలు పెట్టే వేళకు సూర్యుడు ఉండడు కదా.

పగటి కరెంటు విలువ రైతుకు తెలుసు. రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికెళ్లి పాముకాటుకో, షాకుకో గురైన వాళ్లు ప్రతి మండలంలోనూ ఉంటారు. వ్యవసాయ ఫీడర్లను సౌర విద్యుత్తుకు కలిపే పీఎం కుసుమ్ లాంటి పథకాలు ఆ గండాన్ని తప్పిస్తాయి, డిస్కంల భారమూ తగ్గిస్తాయి. సాయంత్రానికి మాత్రం నిల్వ కావాలి. కర్నూలు పార్కుకు దూరం కాని పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు అందుకోసమే. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లను పై జలాశయానికి ఎక్కించి, పొద్దుగూకాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. వేలాల్లో ఇకపై నిల్వతో కలిపిన కరెంటునే కొంటామని గట్టిగా చెబితే, ప్యానెల్ ధరకు జరిగిందే నిల్వ ధరకూ జరుగుతుంది.

ఇంత పెరుగుదలలో మనిషి వాటా ఎంత అన్నది ఇంకా మిగిలే ఉంది. తెలుగు పల్లెలు ఆనుకుని ఉన్న కర్ణాటక పావగడ తాలూకాలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వచ్చింది. అక్కడ భూమి లాక్కోలేదు. రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి రూ.21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వానలు మొహం చాటేసే చోట అది నమ్మకమైన రాబడి, మంచి పద్ధతి కూడా. కానీ ఆ పొలాల్లో కూలి చేసుకునేవారికి, గొర్రెలు మేపుకునేవారికి కౌలు రాదు. ప్లాంటు కట్టేటప్పుడు వందలమందికి పనుంటుంది. కట్టాక పలకలు కడగడానికి, గడ్డి కోయడానికి, కాపలాకు కొద్దిమంది చాలు.

బొగ్గు వైపూ ఇదే ప్రశ్న. బొగ్గు గనుల సంస్థ సింగరేణిలో దాదాపు 40 వేల మంది ఉద్యోగులున్నారు. కంపెనీ సొంతంగా సోలార్ ప్లాంట్లు పెట్టుకుంది, మంచిదే. కానీ ఒక గని మూతపడితే పోయే పనులన్నీ సోలార్ ప్లాంటులో పుట్టవు. ఈ మార్పుకు డబ్బు లేదా అంటే, ఉండేది. 2010లో బొగ్గు టన్నుకు రూ.50 స్వచ్ఛ ఇంధన సెస్సు వేశారు, 2016కు దాన్ని రూ.400 చేశారు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సొమ్మును రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చడానికి మళ్లించారు. ఆ నిధిలో ఒక పాయ గోదావరిఖనిలోనో, కొత్తగూడెంలోనో కార్మికుల పిల్లలకు కొత్త పనులు నేర్పడానికి వెళ్లి ఉండాల్సింది. 2008లో రాసుకున్న 8 మిషన్లలో సూర్యుడికీ, నీటికీ, హిమాలయాలకూ, అడవికీ ఒక్కోటి ఉంది. బొగ్గు కార్మికుడి పేరున గానీ, పావగడ కూలి మనిషి పేరున గానీ ఒక్కటీ లేదు.